పేటెంట్ ఇప్పిస్తామనే ప్రకటనలు వేసేముందు కాస్త చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏదైనా కొత్తగా కనిపెట్టినవాళ్ళ మీద మీ పేపర్లో కథనం వస్తే నేను అస్సలు వదలను, రాజకీయాల పేజీలు తిప్పేసి మరీ ముందు అదే చదువుతా. ఫోటో వేస్తారు, మెషీన్ లోపల ఏ భాగం ఏం చేస్తుందో బొమ్మ గీసి చూపిస్తారు, చివర్లో "త్వరలో పేటెంట్‌కి అప్లై చేస్తా" అని ఆ కుర్రాడో అమ్మాయో చెప్పిన మాట ఉంటుంది. అదే పేపర్లో లోపలి పేజీలకి వెళ్తే "మీ ఐడియాకి వరల్డ్ పేటెంట్ గ్యారంటీ, మార్కెటింగ్ కూడా మాదే, ఐడియా చెక్ చేయడం ఫ్రీ" అని ప్రకటన. ఈ రెండూ చూసి చూసి ఇక ఉండబట్టలేక రాస్తున్నా. నేను లాయర్ని కాదు, పేటెంట్ అప్లికేషన్లు డ్రాఫ్ట్ చేసే చోట టెక్నికల్ పని చూస్తుంటా, కాబట్టి మోసపోయినవాళ్ళ ఫైళ్ళు చివరికి మా టేబుల్ మీదకే వస్తుంటాయి. ఉత్తరం పొడుగైంది, ఎక్కడ కత్తిరించినా పర్లేదు గానీ ప్రకటనల గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి ప్లీజ్.

ముందు మీ కథనాల సంగతి. తప్పు పట్టడం కాదండీ, మీ రిపోర్టర్లు మంచి ఉద్దేశంతోనే రాస్తారు, కానీ అప్లికేషన్ వేయకముందే లోపలి సంగతులన్నీ అచ్చులో వచ్చేస్తే ఆ మనిషికి పేటెంట్ వచ్చే దారే మూసుకుపోవచ్చు. పేటెంట్‌కి మొదటి షరతు కొత్తదనం. అప్లికేషన్ వేసే నాటికి ఆ విషయం ఎక్కడా, ఏ భాషలోనూ జనానికి తెలిసేలా బయటికి వచ్చి ఉండకూడదు, ఇంకెవరో రాసింది మాత్రమే కాదు కనిపెట్టినవాడు తనే ఇంటర్వ్యూలో చెప్పినా, వీడియో పెట్టినా అది లెక్కలోకి వస్తుంది. అమెరికాలో, జపాన్‌లో సొంతంగా బయటపెట్టుకున్నదానికి ఒక ఏడాది వెసులుబాటు ఉంది, యూరప్‌లో అలాంటి వెసులుబాటు దాదాపు లేనట్టే. చాలా దేశాల్లో ఏవో కొన్ని మినహాయింపులు ఉన్నా వాటికి సవాలక్ష షరతులు. అందుకే మా రంగంలో అందరూ మొదట చెప్పేది ముందు ఫైల్ చేయండి, తర్వాత ఎవరికైనా చెప్పుకోండి అని. మీ రిపోర్టర్ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, "అప్లికేషన్ వేశారా?" అని. లేదంటే పరికరం ఏం చేస్తుందో రాసి, ఎలా చేస్తుందో వదిలేస్తే సరి, కథనం విలువేం తగ్గదు.

ఇంకో సంగతేంటంటే ఆ కథనాలు మాలాంటి వాళ్ళే కాదు, మోసం చేసేవాళ్ళు కూడా చదువుతారు. పేరు, ఊరు, ఫోటో అన్నీ అక్కడే ఉంటాయి, నంబర్ పట్టుకోవడం పెద్ద పనేం కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ మోసం ఎక్కడ మొదలవుతుందంటే పొగడ్త దగ్గర. ఫ్రీగా చెక్ చేస్తామంటారు, మీరు పంపిస్తారు, నాలుగు రోజులాగి ఫోన్ వస్తుంది, మా కమిటీకి బాగా నచ్చింది సార్, ఈ మధ్య కాలంలో ఇంత మంచి ఐడియా మేం చూడలేదు, మార్కెట్ పొటెన్షియల్ చాలా ఉంది అని. ఎవరికైనా ఇదే చెప్తారు. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు కదా, రాత్రింబవళ్ళు కూర్చుని తయారుచేసుకున్న దాన్ని ఒకడు మెచ్చుకుంటే కాదనే మనిషి ఎక్కడుంటాడు. అందుకే చదువుకున్నవాళ్ళు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు కూడా పడతారు, ఇందులో తెలివితక్కువతనం ఏం లేదు. నిజంగా పేటెంట్ పని తెలిసినవాడు ఎలా మాట్లాడతాడో చెప్తా వినండి, మొదటి మీటింగ్‌లోనే "ఇలాంటిది ఇదివరకే ఉందేమో చూద్దాం" అంటాడు, వెతికి నాలుగు పాత డాక్యుమెంట్లు మీ ముందు పెడతాడు, మీ దానిలో వీటికంటే తేడా ఏంటో చెప్పండి అని విసిగిస్తాడు. వినడానికి బాధగానే ఉంటుంది. కానీ డబ్బు తీసుకోకముందే "దీనికి పేటెంట్ రాకపోవచ్చు" అని చెప్పగలిగినవాడినే నేనైతే నమ్ముతా.

కావాలంటే టెస్ట్ చేయొచ్చు కూడా. అప్పటికే బజార్లో దొరుకుతున్న ఏదో మామూలు వస్తువుని కొత్త ఐడియాలాగా రాసి పంపండి, దానికీ అదే రిపోర్ట్ వస్తే ఇక అడగాల్సిందేం లేదు.

పొగడ్త అయ్యాక మెట్లు మెట్లుగా వసూలు మొదలవుతుంది. మొదట రిసెర్చ్ రిపోర్ట్ అని చిన్న మొత్తం తీసుకుంటారు, మంచి బైండింగ్ చేయించి రంగుల గ్రాఫులతో లావుపాటి పుస్తకం పంపిస్తారు, తీరా తెరిచి చూస్తే ఏ ప్రోడక్ట్ పేరు పెట్టినా సరిపోయే మాటలే, ఈ ఇండస్ట్రీ వేగంగా పెరుగుతోంది, వినియోగదారులు నాణ్యత కోరుకుంటున్నారు, ఇలాంటివి. ఒకాయన తెచ్చిన రిపోర్టులో మధ్యలో రెండు చోట్ల ఇంకెవరిదో ప్రోడక్ట్ పేరు అలాగే ఉండిపోయింది, మార్చడం కూడా మర్చిపోయారన్నమాట. ఆ తర్వాత పేటెంట్ ఫైలింగ్‌కి పెద్ద మొత్తం, తర్వాత కంపెనీలకి చూపించడానికి త్రీడీ వీడియో, తర్వాత ట్రేడ్ షోలో స్టాల్, ఒక్కో మెట్టు దగ్గరా "ఇంతదాకా వచ్చి ఇప్పుడు ఆపేస్తారా" అనే మాట. అప్పటికే పెట్టిన డబ్బు వృథా అవుతుందనే భయంతోనే మనిషి ఇంకా పెడుతూ పోతాడు.

ఇదేదో నేను ఊహించి రాస్తున్నది కాదు, అమెరికాలో దీని మీద పెద్ద పెద్ద కేసులే నడిచాయి. అక్కడ వినియోగదారుల తరఫున వ్యాపార మోసాల మీద చర్య తీసుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1997లో ప్రాజెక్ట్ మౌస్‌ట్రాప్ అని పేరు పెట్టి ఇలాంటి కంపెనీల మీద ఒకేసారి విరుచుకుపడింది. అందులో డేవిసన్ అండ్ అసోసియేట్స్ మీద కేసు అప్పుడు మొదలైతే, కస్టమర్లకి దాదాపు 2 కోట్ల 60 లక్షల డాలర్లు కట్టాలని కోర్టు చెప్పింది 2006లో. గమనించండి, తీర్పుకే అన్నేళ్ళు పట్టింది. డబ్బు పోయాక చట్టం ఉంది కదా అనుకునేవాళ్ళ కోసం ఈ మాట చెప్తున్నా.

ఇంకో కేసు వరల్డ్ పేటెంట్ మార్కెటింగ్‌ది. పేరులోనే వరల్డ్ పేటెంట్ ఉంది చూశారా, ఆ సంగతికి మళ్ళీ వస్తా. 2017లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీని మీద ఫ్లోరిడా కోర్టుకి వెళ్ళింది. పేటెంట్, మార్కెటింగ్, కంపెనీలతో లైసెన్స్ ఒప్పందాలు (ఐడియా వాడుకున్నందుకు వాళ్ళు డబ్బు కట్టేలా) అన్నీ చూస్తామని వేల డాలర్లు కట్టించుకుని దాదాపు ఏమీ చేయలేదని, ఫిర్యాదు చేస్తామన్నవాళ్ళని లీగల్ యాక్షన్ తీసుకుంటామని బెదిరించారని ఆరోపణ. 2018లో సెటిల్‌మెంట్ అయింది, దాదాపు 2 కోట్ల 60 లక్షల డాలర్ల జడ్జిమెంట్, ఈ వ్యాపారంలో మళ్ళీ అడుగుపెట్టకూడదని నిషేధం కూడా. ఆ కంపెనీ అడ్వైజరీ బోర్డులో పేరున్నవాళ్ళు ఉండేవాళ్ళు, బ్రోచర్లో ఆ పేర్లు చూసి నమ్మినవాళ్ళు ఎంతమందో. బ్రోచర్లో ఫోటో ఉన్నంత మాత్రాన ఆ పెద్దమనిషి మీ ఫైల్ చూస్తాడని కాదు కదా.

అమెరికా వాళ్ళు 1999లో ఒక చట్టం చేశారు, అమెరికన్ ఇన్వెంటర్స్ ప్రొటెక్షన్ యాక్ట్ అని, అందులో ఒక మాట నాకు చాలా ఇష్టం. ఇన్వెన్షన్ ప్రమోషన్ చేసే కంపెనీ ఒప్పందం కుదుర్చుకునేముందే కొన్ని లెక్కలు రాతపూర్వకంగా ఇవ్వాలి. గత 5 ఏళ్ళలో ఎన్ని ఐడియాలు చూశారు, అందులో ఎన్నిటికి బాగుందన్నారు, ఎన్నిటికి బాగాలేదన్నారు, ఎంతమంది కస్టమర్లు చేరారు, వాళ్ళలో ఎంతమందికి ఈ కంపెనీ వల్ల నికరంగా లాభం వచ్చింది, ఎంతమందికి లైసెన్స్ ఒప్పందం కుదిరింది, ఇవన్నీ చెప్పాలి. చట్టం అక్కడిదే అయినా ప్రశ్న ఎక్కడైనా అడగొచ్చు, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. "మీ దగ్గర డబ్బు కట్టినవాళ్ళలో కట్టినదానికంటే ఎక్కువ సంపాదించినవాళ్ళు ఎంతమంది, రాసి ఇవ్వండి" అని అడగండి. నిజాయితీగా పనిచేసేవాడు తక్కువ సంఖ్య అయినా చెప్తాడు, ఎందుకంటే చాలా పేటెంట్లు డబ్బు తెచ్చిపెట్టవు, అది మా ఫీల్డ్‌లో అందరికీ తెలిసిన విషయమే. మోసగాడైతే ఆ లెక్కలు కాన్ఫిడెన్షియల్ అంటాడు, లేకపోతే ఒక సక్సెస్ స్టోరీ వీడియో లింక్ పంపిస్తాడు.

ఇక వరల్డ్ పేటెంట్ సంగతి. అలాంటిది లేదు. అసలు లేనే లేదు. పేటెంట్ ఏ దేశానికి ఆ దేశం, లేదా యూరప్‌లోలాగా కొన్ని దేశాలు కలిసి పెట్టుకున్న ఆఫీసు ఇచ్చేది. ఉన్నదల్లా పీసీటీ (పేటెంట్ కోఆపరేషన్ ట్రీటీ) అనే పద్ధతి, 1970లో కుదిరిన ఒప్పందం, 150కి పైగా దేశాలు సభ్యులు, దీన్ని చూసేది ఐక్యరాజ్యసమితి కిందున్న వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ). ఇందులో ఒకే ఇంటర్నేషనల్ అప్లికేషన్ వేస్తే మామూలుగా మొదటి అప్లికేషన్ వేసిన తేదీ నుంచి 30 నెలల దాకా టైమ్ దొరుకుతుంది, ఆ లోపు ఏ ఏ దేశాల్లో కావాలో తేల్చుకుని అక్కడ విడివిడిగా ఫీజు కట్టి, అక్కడి పరీక్ష పాసవ్వాలి. వైపో ఎవరికీ పేటెంట్ ఇవ్వదు. కాబట్టి ఇంటర్నేషనల్ పేటెంట్ వచ్చేసిందని ఎవరైనా సర్టిఫికెట్ లాంటిది చేతిలో పెడితే అది మహా అయితే అప్లికేషన్ అందిందనే కాగితం అయి ఉంటుంది, దాన్ని ఫ్రేమ్ కట్టించుకున్నవాళ్ళని చూశా, పాపం ఏం చెప్తాం.

అలాగే ప్రొవిజనల్ అప్లికేషన్. కొన్ని దేశాల్లో తక్కువ ఖర్చుతో తేదీ పట్టుకోవడానికి (ఎవరు ముందు వేశారో తేల్చేది ఆ తేదీయే) ఈ వీలు ఉంది, మంచిదే. కానీ దాన్ని ఎవరూ పరీక్షించరు, 12 నెలల్లో పూర్తి అప్లికేషన్ వేయకపోతే దానంతటదే పోతుంది. ఈ మోసగాళ్ళు దీన్నే ప్రొవిజనల్ పేటెంట్ అని అమ్ముతారు, పేజీన్నర రాసి పడేస్తారు, ఇన్వెంటర్ ఏమో తనకి పేటెంట్ ఉందనుకుని ధైర్యంగా అందరికీ చూపించేస్తాడు, ఏడాది గడిచిపోతుంది, అప్పటికి తేదీ పోయింది, కొత్తదనం కూడా పోయింది. ఇంకో విషయం, ఆ పేజీన్నరలో రాయని అంశాలకి ఆ తేదీ వర్తించదు కూడా. పేటెంట్ పెండింగ్ అనే ముద్రకి అర్థం కూడా అప్లికేషన్ పడిందని మాత్రమే, ఎవరో ఆఫీసర్ చూసి ఓకే అన్నారని కాదు.

గ్యారంటీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువ పడేది ఇక్కడే. "పేటెంట్ రాకపోతే మొత్తం డబ్బు వాపస్" అంటే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది, వాడికే నష్టం కదా అనిపిస్తుంది. పరీక్షించి ఇచ్చేది ప్రభుత్వ ఆఫీసు అయినప్పుడు మధ్యలోవాడు గ్యారంటీ ఎలా ఇస్తాడు అని అడిగితే వాళ్ళ దగ్గర జవాబు ఉంటుంది, మా ట్రాక్ రికార్డ్ అలాంటిది అంటారు. నిజమేంటంటే గ్యారంటీ నిలబెట్టుకోవడం పెద్ద కష్టం కాదు, పనికిరాని పేటెంట్ తెచ్చి ఇస్తే సరిపోతుంది. పేటెంట్‌లో రక్షణ ఎంతవరకో నిర్ణయించేవి క్లెయిమ్స్, అంటే చివర్లో నంబర్లు వేసి రాసే వాక్యాలు. ఉదాహరణకి మీరు సైకిల్ లాక్ ఒకటి చేశారు, ఎవరైనా కోయబోతే తీగలో కరెంట్ తెగి అలారం మోగుతుంది అనుకోండి. మంచి డ్రాఫ్ట్ అయితే ఆ తీగ తెగడం, అలారం మోగడం అనే పనితీరుని క్లెయిమ్ చేస్తారు. గ్యారంటీవాడు ఏం చేస్తాడంటే ఆకుపచ్చ ప్లాస్టిక్ తొడుగు, దానికి మూడు స్క్రూలు, ఎడమ పక్కన గుండ్రటి స్పీకర్, ఐదు సెంటీమీటర్ల తీగ అన్నీ కలిపి ఒకే క్లెయిమ్‌గా రాస్తాడు. సరిగ్గా ఆ స్క్రూలన్నిటితో ఇంతకుముందు ఎవరూ చేసి ఉండరు కాబట్టి అది దాటిపోయే అవకాశం ఎక్కువ. కానీ పక్కవాడు రెండు స్క్రూలతో చేసి అమ్ముకుంటే మీరు చేయగలిగింది దాదాపు ఏం ఉండదు. పేటెంట్ వచ్చింది, గ్యారంటీ నిలబడింది, డబ్బు వాపస్ ఇవ్వక్కర్లేదు, మీ చేతిలో మాత్రం ఏం లేదు.

ఇంకా సులువైన దారి డిజైన్ పేటెంట్. మామూలు పేటెంట్ పనితీరుకి, డిజైన్ అనేది కంటికి కనిపించే ఆకారానికి మాత్రమే. రూపం మార్చి అదే పని చేసే వస్తువుని ఎవరైనా అమ్ముకోవచ్చు. కొన్ని దేశాల్లో దీన్ని డిజైన్ రిజిస్ట్రేషన్ అంటారు, పేటెంట్ అనరు కూడా. అమెరికాలో అమెరికన్ ఇన్వెంటర్స్ కార్పొరేషన్ అనే కంపెనీ సరిగ్గా ఈ డబ్బు వాపస్ గ్యారంటీతోనే జనాన్ని చేర్చుకుంది, ఆ కస్టమర్లకి కావాల్సింది పనితీరుకి రక్షణ, వాళ్ళ పేరు మీద వేసిందేమో కుప్పలకొద్దీ డిజైన్ అప్లికేషన్లు, అది కూడా ఇన్వెంటర్ ఎప్పుడూ పెట్టని అలంకారాలు బొమ్మ మీద కలిపించి మరీ. ఆ వ్యవహారంలో ఉన్న పేటెంట్ ప్రాక్టీషనర్ల (అంటే ఇన్వెంటర్ల తరఫున అప్లికేషన్లు వేసే ఏజెంట్లు, అటార్నీల) మీద అమెరికా పేటెంట్ ఆఫీసు చర్య తీసుకుంది. కారణాల్లో ఒకటి ఏంటంటే పని కంపెనీ నుంచి వస్తుంది, డబ్బు కంపెనీ నుంచి వస్తుంది, ఇన్వెంటర్‌కి డిజైన్ అంటే ఏంటి, నీకు పనికొస్తుందా లేదా అని సరిగ్గా చెప్పిన పాపాన పోలేదు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, మీ అప్లికేషన్ రాసే మనిషితో మీరు నేరుగా మాట్లాడాలి. మధ్యలో కంపెనీ రిలేషన్‌షిప్ మేనేజర్ కాదు. ఆ మనిషి రిజిస్టర్డ్ పేటెంట్ ఏజెంటో అటార్నీయో అయి ఉండాలి, ఈ జాబితాలు రహస్యమేం కాదు, అమెరికా పేటెంట్ ఆఫీసు, యూరోపియన్ పేటెంట్ ఆఫీసు తమ దగ్గర రిజిస్టర్ అయినవాళ్ళ లిస్ట్ సైట్‌లోనే పెడతాయి, చాలా దేశాల ఆఫీసులు కూడా పెడతాయి. పేరు, నంబర్ అడిగి అందులో వెతకడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పేరు ఉన్నా సరే ఫోన్ చేసి "ఈ కంపెనీ తరఫున మీరే చేస్తున్నారా" అని కనుక్కోండి, ఎందుకంటే తమకి తెలియకుండానే తమ పేరు వాడుకున్నారని మొత్తుకునే ఏజెంట్లు కూడా ఉన్నారు.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఒక్క విషయం మాత్రం భూతద్దం పెట్టి చూడండి, అప్లికెంట్ ఎవరు, ఓనర్ ఎవరు. అసైన్‌మెంట్ అనే మాట ఎక్కడైనా కనిపిస్తే అక్కడే ఆగిపోండి, దాని అర్థం హక్కు రాసిచ్చేస్తున్నారని. పవర్ ఆఫ్ అటార్నీ మామూలే, ఏజెంట్ మీ తరఫున ఫైల్ చేయడానికి అది కావాలి, కానీ అసైన్‌మెంట్ ఎందుకు? ఒకావిడ ఫైల్ చూశాను, డబ్బు మొత్తం ఆవిడే కట్టింది, అప్లికేషన్ మాత్రం కంపెనీ పేరు మీద ఉంది, ఇన్వెంటర్ల కాలమ్‌లో ఆవిడతో పాటు ముక్కూ మొహం తెలియని ఇంకో ఇద్దరి పేర్లు. అవి తీయించడానికి ఆ తర్వాత జరిగింది పెద్ద కథ, ఆవిడ పర్మిషన్ లేదు కాబట్టి రాయను.

ఫైల్ చేశామని చెప్పినా నమ్మేయకండి, ఆఫీసు ఇచ్చిన రసీదు అడగండి, అందులో అప్లికేషన్ నంబర్, తేదీ, అప్లికెంట్ పేరు, ఎన్ని పేజీలు వేశారో ఉంటాయి. వేసిన డాక్యుమెంట్ పూర్తి కాపీ కూడా తీసుకోండి. మామూలుగా 18 నెలల తర్వాత అప్లికేషన్ పబ్లిష్ అవుతుంది, అప్పటిదాకా బయటివాళ్ళకి కనపడదు, ఈ 18 నెలల చీకట్లోనే చాలా మోసాలు నడుస్తాయి, "ఇంకా పబ్లిష్ కాలేదు సార్" అంటూ అసలు వేయని అప్లికేషన్ మీద ఏడాదిన్నర లాగేస్తారు. చేతిలో రసీదు ఉంటే ఆ నాటకం కుదరదు.

పబ్లిష్ అయ్యాక ఇంకో రకం దొంగలు వస్తారు. మీ పేరు, అడ్రస్, అప్లికేషన్ నంబర్ అందరికీ కనపడతాయి కదా, వాటిని తీసుకుని అచ్చం ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చినట్టు ఇన్‌వాయిస్ పంపిస్తారు, పైన గ్లోబు బొమ్మ, పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లు, రిజిస్టర్ అనో డైరెక్టరీ అనో, ఫలానా తేదీలోపు కట్టాలని ఎర్ర అక్షరాలు. కింద కనపడీ కనపడని అక్షరాల్లో ఇది ప్రభుత్వ సంస్థ కాదు అని ఉంటుంది. కట్టినా కట్టకపోయినా మీ అప్లికేషన్‌కి ఏం కాదు. వైపో వీటి గురించి ఎన్నాళ్ళ నుంచో హెచ్చరిస్తోంది, అలాంటి నకిలీ ఇన్‌వాయిస్‌ల నమూనాలు కూడా సైట్‌లో పెట్టింది, పీసీటీ అప్లికేషన్‌ని పబ్లిష్ చేసేది తామేనని, దానికి విడిగా ఫీజేం లేదని స్పష్టంగా చెప్పింది. పేటెంట్ వచ్చాక రెన్యువల్ ఫీజుల పేరుతో కూడా ఇదే జరుగుతుంది. రెన్యువల్ నిజంగానే కట్టాలి, కట్టకపోతే 20 ఏళ్ళ గడువు పూర్తి కాకుండానే పేటెంట్ పోతుంది, ఆ భయాన్నే వాడుకుంటారు. ఏ కాగితం వచ్చినా మీ ఏజెంట్‌కి ఫోటో తీసి పంపండి, ఏజెంట్ లేకపోతే ఆఫీసు సైట్‌లో ఉన్న ఫీజుల పట్టికతో పోల్చి చూడండి, కాగితం మీద ఉన్న నంబర్‌కి మాత్రం ఫోన్ చేయకండి.

కొత్తగా ఇంకోటి కూడా వింటున్నా, ఫలానా పెద్ద కంపెనీ మీ పేటెంట్ కొనాలనుకుంటోంది, ముందు వాల్యుయేషన్ సర్టిఫికెట్‌కి కొంత కట్టండి అని. కొనేవాడు అమ్మేవాడి దగ్గర డబ్బు అడగడం ఎక్కడైనా ఉందా?

డబ్బు పెట్టే స్తోమత లేదు, మరి ఏం చేయాలి అని అడుగుతారు చాలామంది. ఇలాంటిది ఇప్పటికే ఉందేమో మొదట మీరే వెతకొచ్చు, గూగుల్ పేటెంట్స్, యూరోపియన్ ఆఫీసు వాళ్ళ ఎస్పాస్‌నెట్, వైపో వాళ్ళ పేటెంట్‌స్కోప్ మూడూ ఫ్రీనే. కుస్తీపట్టి ఒక వారం వెతికితే ఫ్రీ ఎవాల్యుయేషన్ వాడు జన్మలో చెప్పని విషయాలు తెలుస్తాయి. వైపో సాయంతో చాలా దేశాల్లో టిస్క్ అనే సెంటర్లు నడుస్తున్నాయి, ఎక్కువగా యూనివర్సిటీల్లో, పేటెంట్ ఆఫీసుల్లో ఉంటాయి, వెతకడం ఎలాగో అక్కడ నేర్పిస్తారు. కొన్ని దేశాల్లో స్తోమత లేనివాళ్ళకి ఉచితంగా పనిచేసే పేటెంట్ అటార్నీల ప్రోగ్రాములున్నాయి, వైపో కూడా ఇన్వెంటర్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అని ఒకటి నడుపుతోంది. ఒంటరి ఇన్వెంటర్లకి, చిన్న సంస్థలకి ఫీజులో తగ్గింపు చాలా ఆఫీసులు ఇస్తాయి. అంతేగానీ బొమ్మ గీసి కవర్లో పెట్టి మీకు మీరే రిజిస్టర్డ్ పోస్ట్ చేసుకుంటే రక్షణ వస్తుందని ఎవరో చెప్తారు చూడండి, దానివల్ల ఏ పేటెంట్ హక్కూ రాదు, పోస్టాఫీసుకి స్టాంపు డబ్బులు తప్ప.

ఎడిటర్ గారూ, మీరు చేయగలిగింది ఒకటుంది. పేటెంట్ ఇప్పిస్తామనే ప్రకటన ఎవరైనా తెస్తే, ఫైల్ చేసే ఏజెంట్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ ప్రకటనలోనే వేస్తేనే తీసుకుంటాం అని ఒక రూల్ పెట్టుకోండి. గ్యారంటీ, వరల్డ్ పేటెంట్ అనే మాటలుంటే వెనక్కి పంపించేయండి. మీ ప్రకటనల విభాగం వాళ్ళకి కొంత ఆదాయం పోతుందేమో, పోనీయండి. "ప్రకటనలకు పత్రిక బాధ్యత వహించదు" అని కింద ఒక లైన్ వేస్తారు గానీ, మీ పేపర్లో చూశాం కాబట్టే నమ్మాం అని జనం మా దగ్గర చెప్పుకుంటున్నారు, ఆ లైన్ ఎవరూ చదవట్లేదు.

చివరగా ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకి ఒక మాట. డబ్బు వెనక్కి వచ్చే సంగతి తర్వాత, పోలీసులకీ కన్స్యూమర్ కమిషన్‌కీ ఫిర్యాదు ఎలాగూ ఇస్తారు, పోయిన డబ్బు తెప్పిస్తాం ముందు ఫీజు కట్టండి అని ఫోన్ చేసేవాళ్ళని మాత్రం దగ్గరికి రానివ్వకండి, చాలాసార్లు వాళ్ళు పాత బ్యాచే. ముందు చూసుకోవాల్సింది తేదీలు. మొదటి అప్లికేషన్ ఎప్పుడు పడింది, పడి 12 నెలలు అయిందా లేదా, ఎందుకంటే ఆ 12 నెలల్లోపు అయితేనే పారిస్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పాత తేదీని పట్టుకుని మిగతా దేశాల్లో వేయగలరు, ప్రొవిజనల్‌ని పూర్తి అప్లికేషన్ చేసుకోగలరు. కంపెనీ ఫైల్ ఇవ్వనంటే బతిమాలుతూ కూర్చోకండి, అప్లికెంట్‌గా మీ పేరుంటే పేటెంట్ ఆఫీసు నుంచే కాపీ తెచ్చుకోవచ్చు, ఏజెంట్‌ని కూడా మార్చుకోవచ్చు, దానికి పాతవాడి సంతకం సాధారణంగా అవసరం ఉండదు. ఆ కాపీ పట్టుకుని రిజిస్టర్డ్ ఏజెంట్ ఎవరి దగ్గరికైనా ఈ వారంలోనే వెళ్ళండి, వచ్చే నెల అనుకోకండి.

ఇట్లు,
మీ పాఠకుడు, పేటెంట్ డ్రాఫ్టింగ్ పనిలో ఉన్నవాడు